మన ఎండకు, మన కోతులకు సాఫ్ట్ టాప్ థార్ ఆగుతదా? హార్డ్ టాపే దిక్కా?

హన్మకొండ పోరడు
అన్నలూ, సెకండ్ హ్యాండ్ల మహీంద్రా థార్ జీపు చూస్తున్న. రెండు బండ్లు కంట్లె పడ్డయి. రెండూ 2021 మోడలే, రెండూ డీజిలే, ఫోర్ బై ఫోరే. ఒకటి కన్వర్టబుల్ సాఫ్ట్ టాప్, అంటే వెనకకు మడిచే బట్ట టాప్, కరీంనగర్ల ఉన్నది. ఇంకోటి హార్డ్ టాప్, అంటే గట్టి పైకప్పుది, హైదరాబాద్ల. ధరల పెద్ద తేడా లేదు. నాకేమో మనసంతా సాఫ్ట్ టాప్ మీదనే ఉన్నది. ఆదివారం వచ్చిందంటే రామప్ప, లక్నవరం, పాకాల దిక్కు పోయేటోణ్ణి, వానలు పడితే బొగత. ఇంట్ల మాత్రం పంచాయితి నడుస్తున్నది. "తాటిపత్రి కప్పిన బండికి అన్ని లక్షలు పోస్తవా" అంటున్నడు మా బాపు. ఇల్లు నయీంనగర్ల, కింద పార్కింగ్ లేదు, గల్లీలనే పెట్టాలె. వాడినోళ్లు ఉన్నదున్నట్టు చెప్పున్రి. "మస్తుంటది బ్రో" అని రాసి పోకున్రి.

ములుగు రోడ్డు
గల్లీల పెడ్త అన్నవ్ గదా తమ్మీ, నీ ప్రశ్నకు జవాబు అక్కడనే అయిపోయింది. హార్డ్ టాప్ తీస్కో.

మే నెలల మన దగ్గర 44, 45 డిగ్రీలు మామూలు ముచ్చట. నల్ల బట్ట కింద ఆ ఎండల మధ్యాహ్నం దాకా నిలబెట్టి ఎక్కు, ఏసీ ఎంతసేపటికి పని చేస్తదో నువ్వే చూస్తవ్. నేను హార్డ్ టాప్ నడిపిస్తున్న. అందుల కూడా కాలుతది, కాదనను, కాని ఏసీ పెట్టినంక చల్లదనం ఆగుతది. ఇంకోటి, పరకాల దాటి భూపాలపల్లి దిక్కు పోతుంటే బొగ్గు లారీ వెనక పడ్డవనుకో, సాఫ్ట్ టాప్ల జిప్పు పండ్ల సందులకెళ్లి సన్నటి నల్ల దుమ్ము లోపలికి దిగుతది. మా దోస్తు బండిల వెనక సీటు మీద వేలు పెట్టి గీస్తే గీత పడుతది.

ఇగ కోతులు. రామప్ప కాడ పార్కింగ్ల పెట్టి గుడి చూసి రా. మిగిలిందేందో ఫొటో పెట్టు.

పాత కమాండర్
ములుగు రోడ్డు గారూ, దుమ్ము సంగతి సగమే చెప్పారు. నలుచదరంగా ఉన్న ఏ జీపుకైనా నడుస్తున్నప్పుడు వెనక గాలి పలచబడుతుంది. ముందు కిటికీలు కొంచెం దించి నడిపితే వెనక సందుల్లోంచి దుమ్ము దానంతట అదే లోపలికి లాక్కుంటుంది. టాప్ మెత్తదా గట్టిదా అన్నదానితో సంబంధం లేదు. మట్టి రోడ్డు ఎక్కగానే అన్ని కిటికీలూ మూసి, ఏసీని లోపలి గాలి తిప్పే మీట నుంచి బయటి గాలి మీటకు మార్చి, ఫ్యాను పెంచండి. లోపల గాలి ఒత్తిడి కాస్త పెరిగి దుమ్మును బయటికే తోస్తుంది. లారీకి మరీ దగ్గరగా వెళ్లకూడదు, అది వేరే విషయం. ఈ చిన్న పని చేయకుండా బండిని తిట్టేవాళ్లను చాలామందిని చూశాను.

మా ఇంట్లో ముందు మహీంద్రా 540 జీపు ఉండేది, తర్వాత కమాండర్ జీపు. పక్క తెరలకు టిచ్ బటన్లు, తలుపులకు రెగ్జిన్. వాన వస్తే ఒకరు దిగి బటన్లు నొక్కాలి, ఆ లోపల మిగతావాళ్లు తడిసేవాళ్లు. దానితో పోలిస్తే ఇప్పటి కన్వర్టబుల్ రాజభోగం. వెనక ప్లాస్టిక్ కిటికీల జిప్పులు తీసి, ముందు అద్దం పైనున్న రెండు లాచీలు విప్పి వెనక్కి మడిస్తే అయిపోతుంది.

2020 అక్టోబరు 2న ఈ మోడల్ అమ్మకానికి వచ్చినప్పుడు ఫిక్స్‌డ్ సాఫ్ట్ టాప్ (మడవడానికి రాని బట్ట టాప్), కన్వర్టబుల్, హార్డ్ టాప్ మూడూ ఉండేవి. 2023 జనవరిలో వెనక చక్రాల డ్రైవ్ బండి హార్డ్ టాప్‌తోనే తెచ్చారు. 2024 ఆగస్టు 15న వచ్చిన అయిదు తలుపుల థార్ రాక్స్ కూడా అంతే. జనం ఎటు మొగ్గారో కంపెనీ లెక్క చూసుకుంది. అంతమాత్రాన సాఫ్ట్ టాప్ చెడ్డదని కాదు.

ములుగు రోడ్డు
అన్నా, జనం ఎటు మొగ్గిన్రో మీరే చెప్తిరి. ఇగ నేను చెప్పేదేమున్నది.

టాప్ కుట్టేటోడు
నేను సీట్ కవర్లు, జీపు టాపులు కుడ్త. ఇక్కడ అందరూ అడవి గురించే మాట్లాడుతున్నరు. నా దగ్గరికి వచ్చే టాపులల్ల అడవిల చినిగినయి తక్కువ. నిలబెట్టిన కాడ పాడైనయే ఎక్కువ. బండి ఆదివారం నాలుగు గంటలు తిరుగుతది, మిగిలిన వారమంతా ఎండల నిలబడి ఉంటది. టాప్‌ను తినేది ఆ ఎండనే.

ముందుగాల పోయేది బట్ట కాదు, కుట్టు. దారం నైలాన్‌దైతే ఎండకు తొందరగ పొడి పొడి అయితది, గోరుతోటి గీకితే తెగుతది. నూలు దారమైతే వానకే మురుగుతది. పాలిస్టర్ దారం ఆగుతది. సూది దిగిన ప్రతి బొక్క నీళ్లు దిగే జాగనే. అందుకే రెండు అంచులు మడిచి ఒకదాన్ల ఒకటి ఇరికించి రెండు వరుసలు కుట్టాలె. పైది కిందిదాని మీదికి రావాలె, ఇంటి పెంకులు పేర్చినట్టు. కొందరు ఉల్టా పెట్టి కుడ్తరు, వాన నీళ్లు సక్కగ కుట్టులకే పోతయి. అసుంటి టాప్ మీద ఎంత మైనం రుద్దినా రెండు వానలే.

రెండోది కిటికీల క్లియర్ షీటు. అందుల మెత్తదనం కోసం వేసిన మందు ఎండకు మెల్లగ ఎగిరిపోతది, షీటు పచ్చబడి పెళుసైతది. ఇంకో ముచ్చట చాలమంది చూడరు. షీటుకు లోపల నల్ల రాడు తగిలి ఉంటది గదా, ఆ రాడు ఎండకు కాలి, తగిలిన కాడ షీటు మీద గోధుమరంగు చార పడుతది. ఆ చార కాన్నుంచే చీలుడు షురూ. రాడుకు తెల్ల బట్టనో ఫోమో చుట్టున్రి, పైసల్తోటి పని కాదు.

బట్టల రెండు రకాలు. ప్లాస్టిక్ పూత పూసిన రెగ్జిన్ రకం: నీళ్లు దిగయ్, తుడుస్తే పోతది, సస్త. కాని ఏండ్లు పోయిన కొద్దీ బిగుసుకుంటది, మడత కాడ పగులుతది. రెండోది అక్రిలిక్ కాన్వాస్: దారంలనే రంగు ఉంటది కాబట్టి ఎండకు తొందరగ వెలవదు, మెత్తగ మడుస్తది, చప్పుడు కొంచెం తక్కువ. ధర ఎక్కువ, మట్టి పట్టితే కడుగుడు కష్టం. గల్లీల పెట్టి ఎప్పుడో ఒకసారి విప్పేటోనికి రెగ్జిన్ చాలు. వారం వారం మడిచేటోడు కాన్వాస్ పెట్టుకోవాలె.

సింగరేణి బిడ్డ
గోదావరిఖనిలో ఉంటాను, కన్వర్టబుల్ నాదే. క్వార్టర్ ముందు రేకుల షెడ్డు ఉంది, కాబట్టి టాప్ ఇంకా బాగానే ఉంది. పైన అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున పూట టాప్ మడిచి తిరిగితే ఉన్న సుఖం ఇంకే బండిలోనూ దొరకదు. కాని ఆ నెలల్లోనే ఒక జాగ్రత్త ఉంది. పొద్దున చలికి ప్లాస్టిక్ అద్దం బిర్రుగా ఉంటుంది, అప్పుడే చుట్టేస్తే పగులుతుంది. కాసేపు ఎండ తగలనివ్వాలి. చుట్టే ముందు దుమ్ము కడగాలి, లేకపోతే ఆ దుమ్మే గరుకు కాగితంలా గీకి అద్దాన్ని మసకబారుస్తుంది. ఇంట్లో అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రావకం అసలు కొట్టొద్దు. తడి టాప్ మడిచి రెండు రోజులు వదిలేస్తే బూజు, ఆ వాసన సీట్లకు కూడా పడుతుంది.

ఇక ఎవరూ ఎత్తని మాట. సాఫ్ట్ టాప్ బండికి తాళం వేశాం అనుకోవడం మనల్ని మనం సముదాయించుకోవడమే. జిప్పు తీస్తే చెయ్యి లోపల. నేను లాప్‌టాప్ బండిలో పెట్టి ఎక్కడికీ వెళ్లను, టీ తాగడానికి కూడా. ఊళ్లు తిరిగే ఉద్యోగమైతే హార్డ్ టాప్ తీసుకోవడమే మంచిది, నేనైనా అదే చెప్తాను.

ఇన్సూరెన్సు కూడా చూసుకో తమ్ముడూ. మామూలు పాలసీలో రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలకు క్లెయిములో 50 శాతం అరుగుదల కింద కోస్తారు. ఫైబర్ గ్లాస్ భాగాలకు 30 శాతం. గాజుకు కోత లేదు. నీ వెనక కిటికీలు గాజు కాదు, ప్లాస్టిక్. జీరో డిప్రిసియేషన్ (ఆ అరుగుదల కోత లేని పాలసీ) తీసుకోకపోతే టాప్ చినిగిన రోజు సగం జేబులోంచే.

కాజీపేట డీజిల్
ఇంత లొల్లి ఎందుకు? సాఫ్ట్ టాప్ తక్కువకు వస్తే పట్టుకో, ఆటోనగర్ల ఫైబర్ టాప్ చేపిచ్చి మీద పెట్టు. ఎండాకాలం గట్టిది, చలికాలం మెత్తది. రెండూ ఉన్నట్టే.

ఆర్సీ చూడు
డీజిల్ తమ్ముడూ, ఈ సలహా వల్లనే జనం ఇరుక్కుంటారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. అదే ఏడాది సవరణలో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. చెక్‌పోస్టులో వదిలేస్తారేమో, రేపు ప్రమాదమైతే బీమా సర్వేయర్ వదలడు.

చినిగిన టాప్ తీసి అదే తీరు టాప్ వేయించుకోవడం మరమ్మతు, దానికి ఎవరూ ఏమీ అనరు. మెత్తదాన్ని గట్టిదానిగా మార్చడం వేరు. కొనే ముందు ఆర్సీలో ఉన్నదీ, కళ్ల ముందు ఉన్నదీ ఒకటేనా చూడు. హైదరాబాద్‌లోని ఆ హార్డ్ టాప్ పుట్టుకతోనే హార్డ్ టాపా అనేది కూడా అడుగు.

ములుగు రోడ్డు
సరే, చట్టం పక్కన పెడుదాం. బోల్తా పడితే? బట్ట కాపాడుతదా?

పాత కమాండర్
బోల్తా పడినప్పుడు కాపాడేది రోల్ కేజ్, అంటే టాప్ కింద ఉండే ఇనుప చట్రం. అది రెండింటిలోనూ ఉంది. హార్డ్ టాప్ వేసిన ధీమాతో బెల్టు పెట్టుకోనివాడికంటే, సాఫ్ట్ టాప్‌లో బెల్టు బిగించినవాడు నయం. థార్‌కు 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే, కార్ల భద్రత పరీక్షించే సంస్థ 4 నక్షత్రాలు ఇచ్చిందని అందరూ చెప్తారు, కాని ఆ పరీక్ష ముందు నుంచి గుద్దించి చూసినది. బోల్తా కొట్టించి చూడలేదు. కాబట్టి ఆ నక్షత్రాలను ఈ వాదనలోకి ఏ పక్షమూ లాగొద్దు. కొమ్మలు, రాళ్లు లోపలికి రాకుండా గట్టి టాప్ ఆపుతుంది, అంతవరకు మీ మాట ఒప్పుకుంటాను.

ములుగు రోడ్డు
వాన సంగతి? 2023 జులై యాదికున్నదా? మా దిక్కు లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మి.మీ. పడ్డది. మోరంచపల్లి మునిగింది. అసుంటి వానల మీ జిప్పులు ఏం చేస్తయి?

ఆర్సీ చూడు
అసలు ఆ వానలో బండి ఎందుకు తీస్తారండీ. థార్ 650 మి.మీ. నీళ్లలో దిగుతుందని కంపెనీ లెక్క. ఆ రోజు కురిసిన వానే అంత. వాగు మీద నీళ్లు పారుతుంటే ఏ టాప్ అయినా ఒకటే, ఆగిపోవాలి. ఏటూరునాగారం అభయారణ్యంలోకి బండి దించే సరదా ఉన్నవాళ్లకు కూడా ఒక మాట. అనుమతి లేకుండా పోతే 1972 వన్యప్రాణి చట్టం ఉంది.

హన్మకొండ పోరడు
అందరికీ థాంక్స్. బాపుకు చదివి వినిపిచ్చిన, ఆయన ములుగు రోడ్డు అన్న పార్టీల చేరిండు. అయినా ఈ ఆదివారం కరీంనగర్ పోయి చూస్త. మా మేనమామ ఇంట్ల షెడ్డు ఖాళీ ఉన్నది, వారం రోజులు అక్కడ పెట్టుకోనిస్తడట. టాప్ కుట్టేటన్నా, పోయినంక ఏమేం చూడాలె?

టాప్ కుట్టేటోడు
షెడ్డు దొరికితే సగం భయం పోయినట్టే. పొద్దున పో, మధ్యాహ్నం పోకు. ఎండకు బట్ట సాగి ముడతలు కనపడవు. టాప్ పూర్తిగ విప్పి మల్ల వేయమను, అమ్మేటోడే వేయాలె. జిప్పులు పట్టి పట్టి నడుస్తున్నయా, పండ్లు ఊడినయా చూడు. కుట్టు దారం గోరుతోటి గీకు, పొడి రాలితే టాప్ మొత్తం విప్పి కుట్టాల్సిందే, ఆ పైసలు ధరల తగ్గియ్యమను. ప్లాస్టిక్ అద్దాన్ని మెల్లగ వంచు, తెల్ల గీతలు పడితే పనికిరాదు. తర్వాత నీళ్ల పైపు పట్టి ముందర లాచీల కాడ, తలుపు పై మూల కాడ కాసేపు కొట్టు. వెనక కార్పెట్ లేపి చేయి పెట్టు. తడి ఉంటే సరే, ఇప్పటిదనుకో. తుప్పు ఉంటే ఎప్పటిసందో నీళ్లు కారుతున్నట్టు.

ములుగు రోడ్డు
అంత చెప్పిన్రు, కోతుల మీద మాత్రం ఒక్కరు నోరు తెరుస్తలేరు.

సింగరేణి బిడ్డ
కోతులకు టాప్‌తో పగ లేదండీ, లోపలున్న తిండితో పని. మేడారం నుంచి వచ్చేటప్పుడు బెల్లం ముద్ద వెనక సీటు మీద పెట్టి చాయ్ తాగడానికి దిగినవాళ్ల టాప్ ఏమైందో నేను కళ్లారా చూశాను. తిండి, కొబ్బరి చిప్పలు, ఖాళీ చిప్స్ కవర్ కూడా బండిలో ఉంచకూడదు. ఊరికే ఎక్కి కూర్చునే కోతిని మాత్రం ఆపలేం. అవి మీ హార్డ్ టాప్ వైపర్ రబ్బర్లు పీకడం లేదా?

ములుగు రోడ్డు
పీకుతయి. పోయిన నెలనే రెండు మార్చిన. కాని వైపర్ రబ్బరు ధరెంత, మీ టాప్ ధరెంత అక్కా?