పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వస్తే కాల్షియం టెస్టు అందరికీ చేయాల్సిందేనా?

శిరీష (ఒంగోలు):
మా పిన్నికి పాంక్రియాటైటిస్ తిరగబెట్టింది. ఆవిడ మద్యం ముట్టదు, స్కానింగ్‌లో గాల్‌బ్లాడర్ రాళ్లూ లేవు. పోయినసారి కారణం తెలియదని రాసి ఇంటికి పంపేశారు. ఈసారి వేరే డాక్టరు గారు కాల్షియం చూపిస్తే 12.6! పీటీహెచ్ (రక్తంలో కాల్షియం పెంచే పారాథైరాయిడ్ హార్మోన్) కూడా ఎక్కువే. మెడలో ఆ హార్మోన్ తయారుచేసే పారాథైరాయిడ్ గ్రంథిలో గడ్డ ఉందంటున్నారు. ఆవిడకు కిడ్నీ రాళ్లు అంతకుముందే వచ్చాయి. మొదటిసారే కాల్షియం చూడాల్సింది కాదా? ఈ జబ్బుతో చేరిన ప్రతి ఒక్కరికీ చేయాలనే నేనంటాను.

డా. మూర్తి (ఫిజీషియన్):
మీ బాధ అర్థమైందమ్మా. కానీ పాంక్రియాటైటిస్‌కు ఎక్కువగా రాళ్లో, మద్యమో కారణం. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు 2009లో లెక్క తీస్తే, హైపర్‌పారాథైరాయిడిజం (పీటీహెచ్ ఎక్కువయ్యే జబ్బు) ఉన్నవాళ్లలో పాంక్రియాటైటిస్ వచ్చింది 1.5 శాతానికే. మామూలు జనం కంటే ఎక్కువేం కాదన్నారు. రాళ్లు స్కానింగ్‌లో కనిపిస్తుంటే ఇంకో టెస్టు ఎందుకు?

హరిత (ఎండోక్రైన్ సర్జరీ, విశాఖ):
సర్, వెల్లూరు సీఎంసీ వాళ్లు 2006లో రాసిన దాంట్లో ఆ జబ్బున్న 101 మందిలో 13 మందికి పాంక్రియాటైటిస్ ఉంది. చిత్తూరు, నెల్లూరు వైపు నుంచి ఎంతమంది అక్కడికి పోతారో మీకు తెలుసు. అమెరికాలో కాల్షియం కాస్త పెరగగానే మామూలు రక్తపరీక్షలోనే దొరికిపోతుంది. మన దగ్గర ఎముకలు గుల్లబారి, కిడ్నీలో రాళ్లు చేరాక గానీ బయటపడదు. రెండు లెక్కలకూ తేడా అక్కడే వచ్చిందని నా అభిప్రాయం. క్లోమంలో తయారయ్యే ట్రిప్సినోజెన్ పేగులోకి చేరాకే, తిండిని అరిగించే ట్రిప్సిన్‌గా మారాలి. కాల్షియం బాగా ఎక్కువైతే క్లోమంలోనే మారి, ఆ గ్రంథినే అరిగించడం మొదలుపెడుతుంది.

ఇంకో చిక్కుంది. జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు, విడిపోయిన కొవ్వుతో కలిసిపోయి రక్తంలో కాల్షియం పడిపోతుంది. రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గినా అంకె తక్కువే చూపిస్తుంది. ఆ రోజు 9.8 వచ్చింది, నార్మలే అని ఊరుకోకూడదు, నెమ్మదించాక మళ్లీ చూడాలి. కాల్షియం ఎక్కువుండి పీటీహెచ్ నార్మల్ వచ్చినా అనుమానించాల్సిందే. అంత కాల్షియం ఉంటే పీటీహెచ్ అణిగిపోయి ఉండాలి కదా.

డా. మూర్తి:
కారణం దొరకనివాళ్లకు, మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకు తప్పక చేయాలి. అందరికీ అంటే మాత్రం ఒప్పుకోను.

హరిత:
రెండోసారి వచ్చేదాకా ఆగితే కొందరికి అదే ప్రాణం మీదికి వస్తుంది సర్. సీరం కాల్షియం చవకైన టెస్టు, పాంక్రియాటైటిస్‌ను పట్టే లైపేజ్ టెస్టుకు తీసిన రక్తంతోనే అయిపోతుంది.

శిరీష:
అక్కా, ఆపరేషన్ వెంటనే చేయించాలా?

హరిత:
ముందు సెలైన్ ఎక్కించి కాల్షియం దించుతారు, అవసరమైతే జోలెడ్రోనేట్ ఇస్తారు. చాలామందికి క్లోమం వాపు తగ్గాకే ఆపరేషన్. అలాగని నెలల తరబడి వాయిదా పడనివ్వొద్దు. పిన్నిగారు కాల్షియం మాత్రలు, విటమిన్ డి, బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్ లాంటివి వాడుతుంటే డాక్టరు గారికి ఇప్పుడే చెప్పండి. ఆపరేషన్ అయ్యాక పెదాల చుట్టూ తిమ్మిర్లు వచ్చినా, వేళ్లు కొంకర్లు పోయినా కాల్షియం పడిపోతున్నట్టే. అర్ధరాత్రయినా సరే సిస్టర్‌ని పిలవండి.