వెనుక చక్రం దగ్గర గేరు ఆయిలు కారుతోంది: యాక్సిల్ సీలు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

ప్రశ్న (విడవలూరు మండలం, నెల్లూరు జిల్లా)

అందరికీ నమస్కారం. మాకు రొయ్యల గుంటలు ఉన్నాయి. మేత బస్తాలు, ఐసు, ఏరేటర్ల సామాను తోలడానికి పదకొండేళ్ల నాటి డీజిల్ పికప్ బండిని వాడుతున్నాము. పది రోజులుగా ఎడమవైపు వెనుక చక్రం లోపలి అంచున నల్లటి జిడ్డు చేరుతోంది. నిన్న డ్రమ్ము విప్పి చూస్తే బ్రేకు షూలు సగం వరకు తడిసి ఉన్నాయి, బ్రేకు వేసినప్పుడు బండి కొద్దిగా కుడివైపుకు లాగుతోంది. నన్ను ఎక్కువగా బాధిస్తున్న విషయం ఏమిటంటే, ఇదే యాక్సిల్ సీలును (ఇరుసు వెంట ఆయిలు బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగును) ఆరు నెలల క్రితమే ఒక షెడ్డులో మార్పించాను. అందువల్ల ఈసారి నేనే దగ్గరుండి, వీలైతే నా చేతులతోనే ఈ పని చేయాలనుకుంటున్నాను. జాకీ, పానాల సెట్టు, సుత్తి, ఇంటి ముందు సిమెంటు నేల ఉన్నాయి. సీలు ఇంత త్వరగా ఎందుకు పోయిందో, పని ఏ వరుసలో చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1 (ఒంగోలు)

ముందుగా కారుతున్నది ఏ ఆయిలో తేల్చుకోండి. బ్రేకు ఆయిలు పలుచగా ఉండి, నీళ్లు పోస్తే కలిసిపోతుంది. క్రౌనులోని (వెనుక ఇరుసు మధ్యలో ఉండే గేర్ల పెట్టెలోని) గేరు ఆయిలు చిక్కగా ఉండి గంధకం వాసన వేస్తుంది, ఒట్టి నీళ్లకు వదలదు. బానెట్టు కింద ఉన్న బ్రేకు ఆయిలు డబ్బాలో మట్టం తగ్గుతుంటే మాత్రం చక్రం దగ్గరి బ్రేకు సిలిండరును కూడా చూడాలి.

గేరు ఆయిలే అయితే, బండిని సమతలంగా నిలిపి, ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మెలు పెట్టి, హ్యాండ్‌బ్రేకు వదిలేయండి, ఎందుకంటే అది పట్టి ఉంటే వెనుక డ్రమ్ము ఊడిరాదు. బండిని జాకీ మీద మాత్రమే వదిలి కిందికి వెళ్లకండి, హౌసింగు (వెనుక ఇరుసును కప్పి ఉంచే ఇనుప గొట్టం) కింద స్టాండు తప్పనిసరిగా ఉండాలి. ఇటుకలు పేర్చి బండిని నిలబెట్టేవారిని చూశాను; బరువుకు ఇటుక ఒక్కసారిగా చిట్లిపోతుంది, దయచేసి ఆ పని చేయవద్దు.

చక్రం విప్పకముందే దాన్ని పైనా కిందా పట్టుకొని ఊపి చూడండి. లొడలొడలాడితే బేరింగు అరిగిందని అర్థం. బేరింగు అరిగితే చక్రాన్ని తిప్పే షాఫ్టు (ఇరుసు కడ్డీ) కేంద్రం తప్పి తిరుగుతుంది, అప్పుడు ఎంత మంచి సీలు వేసినా దాని పెదవి (షాఫ్టును ఆనుకునే రబ్బరు అంచు) ఒకవైపు అరిగిపోయి మళ్లీ కారుతుంది. ఆరు నెలలకే పోయిందంటున్నారు కాబట్టి నా మొదటి అనుమానం దీని మీదే.

ఆయిలు దించేటప్పుడు పైన పోసే బిరడాను ముందుగా విప్పండి. అది తుప్పు పట్టి రాకపోతే, కిందిది తీసి ఆయిలంతా పారబోసుకున్న తరువాత బండి కదలకుండా నిలిచిపోతుంది. దిగిన ఆయిలు మజ్జిగలా తెల్లబారి ఉంటే నీరు చేరినట్లు. తరువాత డ్రమ్ము తీసి, బ్యాకు ప్లేటు (బ్రేకు షూలు అమర్చి ఉండే రేకు) దగ్గరి నాలుగు నట్లు విప్పితే షాఫ్టు బయటికి వస్తుంది. బిగుసుకొని ఉంటే డ్రమ్మును తిరగేసి, వీలు నట్లతో వదులుగా తగిలించి, బయటికి గుంజుతూ దాని బరువుతోనే కొట్టండి. షాఫ్టు లాగేటప్పుడు, తిరిగి ఎక్కించేటప్పుడు దాని బరువును చేతులతో మోయాలి. షాఫ్టు లోపలి చివరనున్న పళ్లు సీలు మీద రాసుకుంటే కొత్త సీలు ఆ క్షణంలోనే చిరుగుతుంది, ఇది మనకు కంటికి కనిపించదు.

సీలు మీద ముద్రించిన మూడు కొలతలు, అంటే లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, పాతదానితో సరిపోలాలి. స్ప్రింగు కనిపించే వైపు ఆయిలు ఉన్న దిక్కుకు రావాలి. పెదవికి కొద్దిగా గేరు ఆయిలు రాసి, సీలు అంచుకు సరిపోయే పాత బేరింగు కప్పును పైన ఆనించి, చుట్టూ సమానంగా నెమ్మదిగా తట్టండి.

సమాధానం 2 (చీమకుర్తి, ప్రకాశం జిల్లా)

పై మిత్రులు చెప్పినవన్నీ సరైనవే కానీ, బ్రీదరును ఎవరూ ప్రస్తావించలేదు. హౌసింగు పైభాగాన చిన్న టోపీలా ఉంటుంది. బండి నడిచేటప్పుడు ఆయిలు వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తే ఆ దారిన బయటికి పోవాలి. అది మూసుకుపోతే, ఒత్తిడి అన్నింటికంటే బలహీనమైన చోటు నుంచి, అంటే సీలు పెదవి నుంచి, ఆయిలును నెడుతుంది. నెల్లూరు ఎండల్లో బరువుతో తిరిగే బండికి ఇది మరీ ఎక్కువ. మా గ్రానైటు క్వారీల దగ్గర రాతి పొడి పేరుకొని ఇది మూసుకుపోవడం నేను చాలాసార్లు చూశాను. మీకు గుంటల బురద అదే పని చేసి ఉండవచ్చు. విప్పి, డీజిల్లో కడిగి, నోటితో ఊది గాలి పోతున్నదో లేదో చూసుకోండి.

సమాధానం 3 (నెల్లూరు ఆటోనగర్)

సోదరా, మీ బండిలో సీలు ఎక్కడ కూర్చుందో చూసి పని మొదలుపెట్టండి. హౌసింగులోనే ఉంటే కొక్కెంతో తీసి ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు. షాఫ్టు మీద బేరింగుకు వెనుక ఉండే రకమైతే, బేరింగునూ దాన్ని పట్టి ఉంచే రింగునూ ఊడదీయాలి, ఆ పని హైడ్రాలిక్ ప్రెస్సుతోనే చేయాలి. సుత్తితో కొట్టడం, గ్యాసు మంటతో షాఫ్టును కాల్చడం రెండూ తప్పే. తీసిన రింగును మళ్లీ వాడకూడదు, అది వదులైతే షాఫ్టు చక్రంతో సహా బయటికి వచ్చే ప్రమాదం ఉంది. మీరు షాఫ్టును విప్పి తెస్తే ప్రెస్సు పని మాత్రం ఎక్కడైనా చేయించుకోవచ్చు.

సీలు ఆనే చోట షాఫ్టు మీద గోరు గీసి చూడండి. గోరు తట్టుకుంటే అక్కడ గాడి పడినట్లు, దానికి స్లీవు (గాడిని కప్పే పలుచని లోహపు తొడుగు) ఎక్కించాలి. ఇక తడిసిన బ్రేకు షూలను పెట్రోలుతో కడిగి, మంట మీద కాల్చి మళ్లీ వేసే అలవాటు మన వైపు ఇంకా పోలేదు. లైనింగులోకి ఇంకిన ఆయిలు వేడికి తిరిగి బయటికి ఊరుతుంది. రెండు చక్రాలకూ కొత్త షూలే వేయండి. డ్రమ్ములోని పొడిని గాలితో ఊదవద్దు, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కనుక తడిగుడ్డతో తుడవండి.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. బ్రీదరు బురదతో రాయిలా గట్టిపడి ఉంది. దిగిన ఆయిలు తెల్లబారింది. గుంటల మధ్య కాలువ దాటేటప్పుడు వేడి మీదున్న హౌసింగు చల్లబడి, గాలి దారి లేక సీలు దగ్గరి నుంచే నీటిని పీల్చుకున్నదని ఇప్పుడు అర్థమైంది. ఆ నీటికి బేరింగు కూడా తుప్పు పట్టి లొడలొడలాడుతోంది. గతంలో షెడ్డులో సీలు మార్చారే తప్ప ఈ రెండూ చూడలేదు. షాఫ్టును నేనే విప్పి ప్రెస్సుకు తీసుకెళ్లాను, కొత్త బేరింగు, రింగు, సీలు వేయించి తెచ్చి నేనే బిగించాను. మాన్యువల్లో చెప్పిన 80డబ్ల్యూ-90 ఆయిలును పోసే రంధ్రం కింది అంచు వరకే నింపాను. బ్రీదరుకు గొట్టం తగిలించి చాసీ మీద ఎత్తుగా కట్టాను. ఇప్పటి వరకు డ్రమ్ము లోపల పొడిగా ఉంది.