రస్ట్ లైబ్రరీలోనే మెమరీ లోపం దొరికితే, ఆ భాష ఇచ్చిన హామీ చెల్లుతుందా?

ప్రశ్న:
ఒక స్ట్రింగ్‌ను (అక్షరాల వరుసను) అడిగినన్ని సార్లు వరుసగా రాసి ఇచ్చే రిపీట్ ఫంక్షన్‌లో బఫర్ ఓవర్‌ఫ్లో (కేటాయించిన మెమరీ హద్దు దాటి రాసే లోపం) ఉందని తేలడంతో, 2018 సెప్టెంబరులో రస్ట్ ప్రోగ్రామింగ్ భాష 1.29.1 వెర్షన్‌ను వెలువరించి దాన్ని సరిచేశారు. 1.26.0 నుంచి 1.29.0 దాకా, భాషతోపాటే వచ్చే ప్రామాణిక లైబ్రరీలో ఆ లోపం ఉంది. భాష తనిఖీ చేయలేని మెమరీ పనులకు అనుమతిచ్చే అన్‌సేఫ్ అనే మాట ఒక్కసారైనా రాయనివారి ప్రోగ్రాములో కూడా మెమరీ చెడిపోయే వీలుందంటే, ఇది మెమరీ భద్రత గల భాష అని చెప్పుకోవడం సబబేనా?

మొదటి అభిప్రాయం:
సబబేనని నేను నమ్ముతున్నాను. లోపం ఎక్కడ పుట్టిందో చూడండి. 32 బిట్ల యంత్రంపై 4 బైట్ల స్ట్రింగ్‌ను 1,07,37,41,825 సార్లు రాయమని అడిగితే, కావలసిన చోటు 429,49,67,300 బైట్లు. ఆ సంఖ్య 32 బిట్లలో పట్టక చుట్టు తిరిగి 4గా మిగులుతుంది. కేటాయించిన 4 బైట్లలో మొదటి ప్రతి సరిపోతుంది, రెండో ప్రతి నుంచే రాత హద్దు దాటుతుంది. గుణకారంలో జరిగిన పొరపాటును అన్‌సేఫ్ భాగం తనిఖీ చేయకుండా నమ్మడమే అసలు కారణం. సీ భాషలో మెమరీని నకలు చేసే మెమ్‌కాపీకి తప్పుడు కొలత ఇస్తే ఆ తప్పు పిలిచినవారిదే అంటాం. రస్ట్‌లో సురక్షిత ఫంక్షన్‌కు ఏ విలువ ఇచ్చినా మెమరీ చెడిపోకూడదు, చెడిపోతే తప్పు లైబ్రరీదే. హామీకి అర్థం ఇదే కాబట్టి, ఈ లోపాన్ని భద్రతా లోపంగా ప్రకటించి సరిచేయడం ఆ హామీని నిలబెట్టడమే.

రెండో అభిప్రాయం:
బాధ్యత ఎవరిదో తేల్చినంత మాత్రాన ప్రమాదం తీరదండీ. 2014లో ఇంటర్నెట్ సంభాషణలను గుప్తీకరించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడి, ఒక్కో అభ్యర్థనకు 64 కిలోబైట్ల దాకా మెమరీ బయటికి పోగలదని తెలిసినప్పుడు, ఆ లైబ్రరీని పంచుకునే సర్వర్లలో దాన్ని మార్చి, ప్రోగ్రాములను మళ్ళీ మొదలుపెట్టి, రహస్య తాళాలను కూడా మార్చుకోవలసి వచ్చింది. రస్ట్‌లో ప్రామాణిక లైబ్రరీ సాధారణంగా బైనరీలోనే (నడపడానికి సిద్ధంగా ఉండే ఫైలులోనే) కలిసిపోతుంది. కోడ్‌ను బైనరీగా మార్చే కంపైలర్‌ను మార్చినా, పాత కంపైలర్‌తో కట్టి ఇదివరకే పంపిణీ చేసిన ప్రతి బైనరీలోనూ ఆ లోపం అలాగే ఉండిపోతుంది, మళ్ళీ కట్టి పంపితే తప్ప పోదు. ఏ బైనరీని ఏ వెర్షన్‌తో కట్టారో రాసి పెట్టుకోని చోట సురక్షితమనే మాట వాడుకరికి ఏ విధంగానూ అక్కరకు రాదు.

మొదటి అభిప్రాయం, తిరిగి:
బైనరీల విషయంలో మీ మాటను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. నా జవాబులో దాన్ని నేను పట్టించుకోలేదు. అయినా వెతకవలసిన చోటు ఎంత తగ్గిందన్నది నాకు చిన్న విషయంగా కనిపించడం లేదు. సీ ప్రోగ్రాములో మెమరీ చిరునామాను పట్టి ఉంచే పాయింటర్‌ను తాకే ప్రతి వరుసనూ అనుమానించాలి, ఇక్కడ అన్‌సేఫ్ అని రాసిన భాగాన్నీ దానికి విలువలు అందించే లెక్కలనూ చదివితే చాలు. రిపీట్‌ను సరిచేసిన తీరు చూడండి: గుణకారం హద్దు దాటితే ఇప్పుడు ప్రోగ్రాము పానిక్ అయి అక్కడే ఆగుతుంది, బయటి మెమరీలో ఒక్క బైటు కూడా రాయదు.