‘లెట్స్ డాన్స్’ పాటకు నైల్ రాడ్జర్స్ కూడా స్వరకర్తేనా?

తంత్రి:

బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బోవీ 1983లో విడుదల చేసిన ‘లెట్స్ డాన్స్’ పాటకు రచయిత, స్వరకర్త రెండూ బోవీ ఒక్కరే అని నమోదై ఉంది. ఆ పేరుతోనే వచ్చిన ఆల్బమ్‌కు బోవీతో కలిసి ప్రొడ్యూసర్‌గా (రికార్డు ఎలా వినిపించాలో తీర్చిదిద్దేవారిగా) పనిచేసి, అందులో రిథమ్ గిటార్ వాయించిన నైల్ రాడ్జర్స్‌కు స్వరకల్పనలో వాటా లేదు. ఉండి తీరాలన్నది నా అభిప్రాయం.

ఆయన గురించి అంతగా తెలియని సభ్యుల కోసం క్లుప్తంగా చెబుతాను. 1952లో న్యూయార్క్‌లో పుట్టిన రాడ్జర్స్, ‘సెసమీ స్ట్రీట్’ అనే పిల్లల టీవీ కార్యక్రమం తరఫున ఊరూరా తిరిగిన బృందంలోనూ, ఆ తరువాత హార్లెమ్‌లోని అపోలో థియేటర్ సొంత వాద్యబృందంలోనూ గిటార్ వాయించి చేయి తిప్పుకున్నారు. బాస్ గిటారిస్టు బెర్నార్డ్ ఎడ్వర్డ్స్‌తో కలిసి నడిపిన ‘షీక్’ బృందం డిస్కో కాలంలో ఒక వెలుగు వెలిగింది. సిస్టర్ స్లెడ్జ్‌కూ, డయానా రాస్‌కూ వాళ్ళిద్దరే పాటలు కట్టి, రికార్డు చేసి ఇచ్చారు. డిస్కో మీద అమెరికాలో వ్యతిరేకత ముదిరి షీక్ రికార్డులు అమ్ముడుపోని రోజుల్లో ఆయనకు బోవీ నుంచి పిలుపు వచ్చింది. ఆ తరువాత 1984లో మడోన్నా, 1986లో డ్యురాన్ డ్యురాన్, 2013లో డాఫ్ట్ పంక్, ఇలా ఒకరితో ఒకరికి పోలికలేని కళాకారులందరి రికార్డుల్లోనూ ఆయన చేయి వినిపిస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. స్విట్జర్లాండ్‌లోని తన ఇంట్లో బోవీ పన్నెండు తీగల గిటార్‌కు ఆరు తీగలే బిగించి ఈ పాట వినిపించారనీ, అప్పటికి అది జానపద ధోరణిలో సాగే పాటలా ఉందనీ రాడ్జర్స్ ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పారు. దాన్ని నాట్యానికి పనికివచ్చే పాటగా మార్చింది ఆయనే. కార్డ్స్‌ను (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులను) పై స్థాయికి జరిపారు, నిండుగా మోగే వాయింపును చిన్న చిన్న విరుపులుగా కోశారు, విరుపుకూ విరుపుకూ మధ్య ఖాళీ వదిలారు. ఆ ఖాళీలను బాబ్ క్లియర్‌మౌంటెన్ మిక్సింగ్‌లో డిలే ప్రతిధ్వని నింపింది.

రాడ్జర్స్ వాయింపును దగ్గరగా గమనించినవాళ్ళకు ఇందులో ఎంత ఆలోచన ఉందో తెలుస్తుంది. ఆయన కుడిచేయి దాదాపు ఎప్పుడూ ఆగదు, మాత్రకు నాలుగు చొప్పున పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది. ఏ దెబ్బ మోగాలో, ఏ దెబ్బ ‘చిక్’ అని మూగగా తెగిపోవాలో నిర్ణయించేది ఎడమచేతి వేళ్ళ ఒత్తిడి. కార్డ్‌లోని స్వరాలన్నీ వాయించకుండా పై తీగల మీద రెండు మూడే ఎంచుకుంటారు, కాబట్టి కింద బాస్‌కు చోటు మిగులుతుంది. ‘లెట్స్ డాన్స్’లో ఆ చేతినే బాగా అదుపులో పెట్టి, అతి తక్కువ దెబ్బలతో పాట మొత్తాన్ని నిలబెట్టారు. ఆ పాట అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానానికి చేరింది. ఇదంతా వట్టి అలంకరణ అనడం న్యాయం కాదు.

మంద్రం:

తంత్రి గారూ, రాడ్జర్స్ ప్రతిభ విషయంలో మనిద్దరి మధ్య భేదాభిప్రాయం లేదు. కానీ పాట వేరు, పాట రికార్డు వేరు. పాటలో హక్కు బాణీ కట్టినవారిదీ, సాహిత్యం రాసినవారిదీ. అది ఎవరు పాడినా, ఎక్కడ మోగినా వాళ్ళకు చెందుతుంది. రికార్డులో హక్కు కంపెనీకీ, ఒప్పందాన్ని బట్టి గాయకుడికీ ప్రొడ్యూసర్‌కూ ఉంటుంది. బాణీ ఎలా వినిపించాలో నిర్ణయించడం ప్రొడ్యూసర్ వృత్తిధర్మం, అందుకే ఆయనకు ఆ పదవీ, ఆ ప్రతిఫలమూ. ఆ పని బాగా చేసినందుకు బాణీలోనూ వాటా ఇవ్వాలంటే, ఏ ప్రొడ్యూసర్‌కు ఇవ్వకూడదో మీరే చెప్పవలసి వస్తుంది.

మన సంప్రదాయంలోనే చూడండి. త్యాగరాజ కృతుల్లో ఈనాడు మనం వినే సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే వరసలు) ఎన్నో తరువాతి తరాల గాయకులు చేర్చినవే. కొన్ని కృతులకు ఆ సంగతులే ప్రాణమయ్యాయి. అయినా వాటిని త్యాగరాజ కృతులనే అంటాం, సంగతి వేసిన విద్వాంసుడిని వాగ్గేయకారుడు అనం.

ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. బోవీ మొదట వినిపించిన రూపం ఎలా ఉండేదో మనకు తెలిసింది రాడ్జర్స్ మాటల్లోనే. మాంత్రో పట్టణంలోని మౌంటెన్ స్టూడియోలో చేసిన డెమో (తొలి నమూనా రికార్డు) 2018 జనవరిలో బయటికి వచ్చింది నిజమే, కానీ అందులోనూ గిటార్ వాయించింది రాడ్జర్సే. అంటే ఆయన చేయి పడకముందు పాట ఎలా ఉండేదో వినే అవకాశం మనకు లేదు. బోవీ 2016లో కన్నుమూశారు. రెండో పక్షం మాట వినకుండా తీర్పు చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు.

సెషన్_కీబోర్డు:

నేను హైదరాబాదులో సినిమా పాటలకు కీబోర్డు వాయించి, ప్రోగ్రామింగ్ చేసి జీవిస్తున్నవాణ్ణి. మంద్రం గారు చెప్పిన విభజన కాగితం మీద స్పష్టంగానే ఉంటుంది కానీ స్టూడియోలో ఆ గీత కనిపించదు. సంగీత దర్శకుడు పల్లవి హమ్ చేసి వాట్సాప్‌లో పంపుతారు. చాలాసార్లు అందులో తాళం కూడా స్థిరపడి ఉండదు. దానికి కార్డ్స్ పెట్టడం, నడక (పాటను నడిపించే లయ, వాయింపు తీరు) నిర్ణయించడం, ఇంట్రో బిట్టు వేయడం, ఇంటర్‌ల్యూడ్ కట్టడం ప్రోగ్రామర్ పని. పాటకింత అని ముందే మాట్లాడుకున్న డబ్బు చేతికి వచ్చాక ఆ పాటతో మాకు సంబంధం తీరిపోతుంది. నేను వేసిన ఒక ఇంట్రో బిట్టును తరువాత ఒక ప్రకటనలో ఒంటరిగా, గొంతు లేకుండా వాడారు. టీవీలో విన్నప్పుడే నాకు ఆ సంగతి తెలిసింది. ఆ బిట్టులో సంగీత దర్శకుడి స్వరం ఒక్కటి కూడా లేదు.

పేరు వేయడం, వాటా ఇవ్వడం రెండు వేర్వేరు విషయాలని నాకు తెలుసు. పేరు దగ్గర మనవాళ్ళు కొంత మారారు. దిలీప్‌గా ఉన్న రోజుల్లో రాజ్–కోటి గార్ల దగ్గర కీబోర్డు వాయించిన రెహమాన్ గారు, తాను స్వరకర్త అయ్యాక వాద్యకారుల పేర్లను క్యాసెట్ల మీదా సీడీల మీదా అచ్చు వేయించారు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికే ఆ విలువ తెలుస్తుందని నా నమ్మకం. వాటా దగ్గర మాత్రం మార్పు రాలేదు.

రాడ్జర్స్ విషయంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది 2013 నాటి ‘గెట్ లక్కీ’. ఆ పాటకు స్వరకర్తలుగా డాఫ్ట్ పంక్ ఇద్దరితోనూ, ఫారెల్ విలియమ్స్‌తోనూ పాటు రాడ్జర్స్ పేరు కూడా ఉంది. అక్కడ ఆయన చేసిందీ గిటార్‌తో పాటకు నడక ఇవ్వడమే. 1983లో ఆ పనికి వాటా లేకపోవడానికీ, 2013లో ఉండడానికీ మధ్య సంగీతశాస్త్రం ఏమీ మారలేదు. మారింది ఎదుటివాళ్ళు ఆయనకిచ్చిన విలువ, ఆయన అడగగలిగిన స్థితి.

మంద్రం:

సెషన్_కీబోర్డు గారూ, మీకు జరిగింది అన్యాయమే, అందులో సందేహం లేదు. ఇంట్రో మొత్తం మీరే కట్టారు గనుక అది స్వరకల్పనే. కానీ ‘గెట్ లక్కీ’ ఉదాహరణ నా వాదనకే బలమిస్తుంది. అక్కడ నలుగురూ మొదటి నుంచి కలిసి కడుతున్నామని అంగీకరించుకున్నారు, పేర్లు వేసుకున్నారు. ‘లెట్స్ డాన్స్’ దగ్గర బోవీ తన పాటతో వచ్చారు, రాడ్జర్స్ దాన్ని రికార్డుగా మలిచే బాధ్యత ఒప్పుకున్నారు. ఒప్పందం తెలిసి చేసిన పనికి ముప్పై ఏళ్ళ తరువాతి కొలత తెచ్చి కొలవడం సరి కాదు.

మరొక ప్రశ్న. ఆ నడకలో రాడ్జర్స్ గిటార్ ఎంత ఉందో, కార్మైన్ రోహాస్ బాస్ అంత ఉంది, డ్రమ్స్ అంత ఉన్నాయి. చివర్లో స్టీవీ రే వాన్ వాయించిన లీడ్ గిటార్‌ను విడదీసి ఆ పాటను ఊహించగలమా? వాళ్ళందరికీ వాటా ఇస్తారా? షీక్ పాటల విషయమే తీసుకోండి. టోనీ థాంప్సన్ డ్రమ్స్ లేకపోతే షీక్ లేదు. అయినా ఆ బృందపు ప్రసిద్ధ గీతాలకు స్వరకర్తలుగా ఉన్నవి ఎడ్వర్డ్స్, రాడ్జర్స్ పేర్లు రెండే. రాడ్జర్స్ తన సొంత బృందంలో పాటించిన పద్ధతే బోవీ పాటించారు.

శ్రుతిపెట్టె:

చట్టం ఏమంటుందో ఎవరైనా చెప్పగలరా? ఇన్నేళ్ళ తరువాత అడిగే హక్కు ఉంటుందా?

తంత్రి:

శ్రుతిపెట్టె గారూ, అది దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో రెండు కేసులు ఈ చర్చకు దగ్గరగా వస్తాయి. ‘ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్’ అనే 1967 నాటి పాటలో ఆర్గన్ వాయించిన మాథ్యూ ఫిషర్, దాదాపు నలభై ఏళ్ళ తరువాత కోర్టుకు వెళ్ళి సంగీతంలో 40 శాతం వాటా సాధించారు. ఆలస్యం వల్ల హక్కు పోదని 2009లో అప్పటి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. ఫిషర్ ఆ బృందంలో సభ్యుడు. రెండో కేసు మాత్రం అచ్చంగా సెషన్ వాద్యకారుడిది, అంటే కూలికి వచ్చి వాయించి వెళ్ళేవాడిది. ‘యంగ్ ఎట్ హార్ట్’ పాటలో ఫిడేలు వాయించి 75 పౌండ్లు తీసుకున్న బాబీ వాలెంటినో, తన ఫిడేలు భాగం స్వరకల్పనే అని 2002లో గెలిచారు. కలిసి కడుతున్నామన్న ముందస్తు ఉద్దేశం ఉండనక్కరలేదని, చేసిన పని గణనీయమూ సొంతమూ అయితే చాలని అక్కడి న్యాయస్థానం భావించింది.

‘లెట్స్ డాన్స్’ ఆల్బమ్ న్యూయార్క్‌లోని పవర్ స్టేషన్ స్టూడియోలో తయారైంది. అమెరికా చట్టం ప్రకారం సహకర్తలు కావాలంటే కలిసి చేస్తున్నామన్న ఉద్దేశం ఇరువైపులా ఉండాలి, యాజమాన్యం మీద దావాకు గడువు మూడేళ్ళు. కాబట్టి కోర్టులో రాడ్జర్స్ గెలుస్తారని నేను చెప్పడం లేదు. నేను అడుగుతున్నది గుర్తింపు గురించి.

మంద్రం గారూ, షీక్ పద్ధతిని మీరు ప్రస్తావించారు గనుక అక్కడికే వెళ్దాం. 1979లో వచ్చిన ‘రాపర్స్ డిలైట్’ పాటలో షీక్ వారి ‘గుడ్ టైమ్స్’ నడకను స్టూడియో వాద్యకారులతో మళ్ళీ వాయించి, దాని మీద ర్యాప్ చేశారు. షీక్ పాట సాహిత్యం గానీ, పాడిన వరస గానీ ఆ ర్యాపర్లకు అవసరం పడలేదు. తీసుకున్నది ప్రధానంగా ఎడ్వర్డ్స్ బాస్, దాని చుట్టూ ఉన్న లయ. ఎడ్వర్డ్స్, రాడ్జర్స్ అభ్యంతరం చెప్పిన తరువాత ఆ పాటకు వాళ్ళ పేర్లు స్వరకర్తలుగా ఎక్కాయి. నడకే పాట అని, నడకను కట్టినవాడు స్వరకర్తేనని అప్పుడే ఒప్పుకున్నట్టు కాదా? నాలుగేళ్ళ తరువాత అదే మనిషి మరొకరి పాటకు నడక కడితే అది వట్టి ప్రొడక్షన్ ఎలా అవుతుంది? టోనీ థాంప్సన్‌కు వాటా రాలేదన్నది మీ వాదనకు సమర్థన కాదు, ఆయనకు కూడా జరిగిన లోటు.

మంద్రం:

‘గుడ్ టైమ్స్’ అప్పటికే వాళ్ళ పేరు మీద నమోదైన పాట. దాని భాగాన్ని అనుమతి లేకుండా వాడారు గనుక యజమానులకు హక్కు దక్కింది. ఇక్కడ యజమాని ఎవరన్నదే ప్రశ్న గనుక ఆ పోలిక నిలవదు.

నా దగ్గర ఉన్న కొలత ఒకటే. వాయింపు మొత్తం తీసేసినా పాట నిలుస్తుందా? ఎం. వార్డ్ అనే అమెరికన్ గాయకుడు 2003లో ‘లెట్స్ డాన్స్’ను నెమ్మదిగా, గిటార్ మీద పాడి రికార్డు చేశారు. రాడ్జర్స్ విరుపులు లేవు, డ్రమ్స్ హోరు లేదు. అయినా మొదటి వాక్యానికే గుర్తుపడతాం, పైగా ఆ సాహిత్యంలోని దిగులు అక్కడే స్పష్టంగా వినిపిస్తుంది. ఆ నిలిచినది బోవీ స్వరకల్పన. అదే ఆల్బమ్‌లోని ‘చైనా గర్ల్’ విషయమైతే ఇంకా సులువు. బోవీ, ఇగ్గీ పాప్ కలిసి కట్టిన ఆ పాట 1977లోనే ఇగ్గీ పాప్ ఆల్బమ్‌లో వచ్చింది. రాడ్జర్స్ మొదట్లో చేర్చిన గిటార్ పలుకు ఎంత అందంగా ఉన్నా, పాట అంతకు ముందే ఉంది.

తంత్రి:

‘చైనా గర్ల్’కు వాటా నేను అడగలేదు, అడగను కూడా. ముందే అచ్చయిన పాటకు చేర్పు వేరు, స్టూడియోలో రూపం తీసుకుంటున్న పాటకు నడక కట్టడం వేరు.

ఎం. వార్డ్ పాట నాకూ ఎంతో ఇష్టం. కానీ మీ కొలతను తిప్పి కూడా చూడాలి. గొంతు తీసేసి వాయింపు మాత్రం ఉంచితే పాట నిలుస్తుందా? 1997లో పఫ్ డాడీ ‘బీన్ అరౌండ్ ద వరల్డ్’లోనూ, 2007లో క్రెయిగ్ డేవిడ్ ‘హాట్ స్టఫ్’లోనూ ‘లెట్స్ డాన్స్’ రికార్డును శాంపిల్ చేశారు, అంటే అందులోని ముక్కను తీసి వాడుకున్నారు. శ్రోతలు గుర్తుపట్టింది ఆ నడకనే, ఆ పాటలను మోసిందీ అదే. ఆ రెండింటికీ స్వరకర్తల జాబితాలో బోవీ పేరు చేరింది, రాడ్జర్స్ పేరు చేరలేదు. మీరు చెప్పినట్టు నడక రికార్డుకు మాత్రమే చెందినదైతే, స్వరకల్పన వాటా బోవీకి మాత్రం ఎందుకు వెళ్ళాలి? అది స్వరకల్పనే అయితే, కట్టినవారి పేరు ఎందుకు లేదు?

సెషన్_కీబోర్డు:

తంత్రి గారి చివరి ప్రశ్నకు జవాబు కోసం నేనూ ఎదురుచూస్తున్నాను. మంద్రం గారి కొలతను రెండు వైపులా వర్తింపజేస్తే నా ఇంట్రో బిట్టుకూ ఒక దారి దొరుకుతుంది. గొంతు లేకుండా వాయింపును మాత్రమే వేరే చోట వాడుకున్నప్పుడైనా, దాన్ని కట్టినవాడికి స్వరకర్త వాటాలో భాగం ఇవ్వాలి. పాటను పాటగా పాడుకున్నప్పుడు బాణీ కట్టినవారికే పూర్తిగా వెళ్ళనివ్వండి. ఆ మాత్రం మాట పని మొదలుపెట్టే ముందే ఒప్పంద పత్రంలో రాసుకోవచ్చు. రేపటి నుంచి నేను అడగబోతున్నది అదే.