అప్‌డేట్: వీధి దీపాల అసెస్‌మెంట్ ఆగిపోయింది

కాలిఫోర్నియాలో మా వీధి దీపాలు, పార్కుల ఖర్చు కోసం ఇళ్ల మీద కొత్త అసెస్‌మెంట్ (ఆస్తి యజమానులు కట్టాల్సిన ప్రత్యేక రుసుము) వేస్తామని సిటీ నుంచి కవరు వచ్చింది, ఏం చేయాలని అడిగాను కదా. ఆగిపోయిందండీ!

1996లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 218 అనే రాజ్యాంగ సవరణ ప్రకారం, బహిరంగ విచారణకు 45 రోజుల ముందే ఆస్తి యజమానులకు నోటీసు, బ్యాలెట్ పంపాలి. తిరిగి వచ్చిన బ్యాలెట్లే లెక్క, పంపకుండా ఊరుకుంటే ‘వద్దు’ అన్నట్టు కాదు. పైగా ఇంటికో ఓటు కాదు, ఎవరి మీద ఎంత భారం పడుతుందో వాళ్ల ఓటుకు అంత బరువు. అందుకే షాపింగ్ సెంటర్ యజమాని ‘వద్దు’ అనేసరికి మా టెన్షన్ సగం తగ్గింది. (ఇదేం న్యాయమో గానీ, ఈసారికి మాకే కలిసొచ్చింది.)

దీపాల ఖర్చు మాత్రం ఎక్కడికీ పోలేదు. సిటీవాళ్లు ఇప్పుడు సేల్స్ ట్యాక్స్ పెంపు అంటున్నారు. దానికీ ఓటర్లు ఒప్పుకోవాలి, కాకపోతే అక్కడ మనిషికో ఓటు.