ఫైబర్ వేస్తే అప్‌లోడ్ నిజంగా మారుతుందా?

ప్రశ్న: మాది వీడియో ఎడిటింగ్ ఆఫీసు. ఇప్పుడున్నది రాగి తీగ కనెక్షన్. సాయంత్రం 10 జీబీ ఫైలు పంపాలంటే గంట దాటుతోంది, అందరికీ టెన్షన్. ఫైబర్‌కి మారమంటున్నారు. అందులో అంత తేడా ఏముంది?

జవాబు 1: ఫైబర్ కేబుళ్లు అతికే పని నాది. రోజూ చేత్తో పట్టుకునే గాజు పోగులో వెలుగు నడిచే దారి 9 మైక్రాన్లే, వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. చుట్టూ ఉన్న గాజు పొర ఆ వెలుగును బయటికి పోనివ్వకుండా లోపలికే తిప్పుతుంది. రాగిలో దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ త్వరగా నీరసపడుతుంది, పక్కన మోటారు తిరిగినా గోల. గాజుకి ఆ బాధ లేదు. మీకు అసలు లాభం అప్‌లోడ్‌లోనే. 20 ఎంబీపీఎస్ మీద ఆ ఫైలుకి 67 నిమిషాలు, 500 మీద మూడు నిమిషాల లోపే. ప్లాన్ తీసుకునేముందు అప్‌లోడ్ ఎంతో విడిగా అడగండి, డౌన్‌లోడ్ అంకె చూసి మోసపోవద్దు.

జవాబు 2: కరెంటు పోతే ఫైబర్ డబ్బా కూడా ఆగిపోతుంది. దానికీ రౌటర్‌కీ యూపీఎస్ పెట్టుకోండి.

ప్రశ్న వేసినవారు: కేబుల్‌ని తలుపు మూల దగ్గర మడిచి లాగొచ్చా?

జవాబు 1: వద్దండీ! గట్టిగా మడిస్తే వెలుగు అక్కడే బయటికి కారిపోతుంది. గుండ్రంగా తిప్పి తీసుకెళ్లమనండి.