సుంకం అమెరికాలో కడితే రొయ్య రేటు మన చెరువు గట్టు మీద ఎందుకు కోస్తున్నారు?

(2025లో అమెరికా సుంకం పెంచినప్పటి మాటలివి; ఆ సుంకం తర్వాత మారింది.)

కాళ్ల రైతు:
మాది భీమవరం పక్కన కాళ్ల మండలమండి. చెరువు లీజుకి తీసుకుని వనామీ రొయ్య వేశాను, 40 కౌంట్‌కి, అంటే కిలోకి 40 రొయ్యలు తూగే సైజుకి వచ్చింది. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతం అయింది. మనవాళ్లు మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే యాంటీ డంపింగ్, మన సర్కారు సబ్సిడీలకి విరుగుడుగా వేసే కౌంటర్‌వైలింగ్ డ్యూటీలు ముందునుంచీ ఉన్నాయి, అవీ కలిపితే 58 దాకా పోతోంది. ఆ డబ్బు కట్టేది అక్కడ సరుకు దింపుకునే వ్యాపారే కదా? మరి ఇక్కడ కొనేవాళ్లు, మొదట 25 శాతం అన్న రోజునుంచే రేటు తగ్గించి అడుగుతున్నారు. మేత బస్తా మీద మాత్రం రూపాయి తగ్గలేదు. చెరువు నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి, కరెంటు పోతే డీజిలు. ఈ లెక్క ఎవరైనా విడమర్చి చెప్తారా?

రొయ్యల ప్లాంటు ఉద్యోగి:
తమ్ముడూ, అమెరికా వాడికి ఈక్వెడార్ ఉంది, దాని మీద 15 శాతమే. ఇండోనేషియా మీద 19, వియత్నాం మీద 20. ఆ తేడా ఎవరో ఒకరు భరించాలి. వాడు భరించడు, ఎక్స్‌పోర్టరు భరించడు. నువ్వు ఆగగలవా? ఓ రాత్రి ఆక్సిజన్ పడిపోయినా, వైట్ స్పాట్ తెగులు కనబడినా తెల్లారేసరికి వలలు దించాల్సిందే. ఆ సంగతి కొనేవాడికి బాగా తెలుసు. పైగా 40 కౌంట్ ఎక్కువగా అమెరికా వెళ్లే సైజు. 100 కౌంట్ చైనాకి పోతుంది, దానికి ఇంత దెబ్బ లేదు.

మెట్ట రైతు:
సుంకం అంటేనే పాపం అన్నట్టు మాట్లాడకండి బాబూ. మాది చింతలపూడి, పామాయిల్ తోట. 2024 సెప్టెంబరులో కేంద్రం బయటి దేశాల ముడి పామాయిల్ మీద 20 శాతం సుంకం వేశాక గెలల రేటు లేచింది. 2025 మే నెలాఖరున 10కి దించారు. మా గుబులు మాది.

కాళ్ల రైతు:
మా ఇంట్లోనూ ఇదే తగువు బాబాయ్. మా బావది ద్వారకా తిరుమల దగ్గర పామాయిల్. సుంకాలు ఎత్తేయాలని నేను, పెంచాలని ఆయన. మధ్యలో మా అక్క నూనె ప్యాకెట్ ఎంతో తెలుసా అని ఇద్దరినీ తిడుతుంది. నిజానికి అమెరికాలోని లూసియానాలో రొయ్యలు పట్టేవాళ్లు అడిగేదీ మా బావ అడిగేదే. మనమూ బయటి రొయ్య మీద 30 శాతం వేశాం కదా. అది ఒప్పుకోవాలంటే నాకు మంటగానే ఉంది.

బ్రిటన్‌తో 2025 జులై 24న వ్యాపార ఒప్పందం మీద సంతకాలయ్యాయి, రొయ్యకి సుంకం పోతుంది. కానీ అది అమల్లోకి రావాలి, నా పట్టుబడి వచ్చే వారమే. అన్నా, వచ్చే పంట 100 కౌంట్‌కే పట్టేస్తే సీడ్ (రొయ్య పిల్లల) ఖర్చు, లీజు పోను ఏమైనా మిగులుతుందంటావా?